లోరీన్ చెక్కిన తీగ

ఎల్క్‌హార్ట్ పట్టణంలోని ఇత్తడి వాయిద్యాల ఫ్యాక్టరీలో లోరీన్ హోస్టెట్లర్ పంతొమ్మిదేళ్లు పనిచేసింది. ట్రంపెట్ల వెడల్పాటి మూతుల మీద పూలూ తీగలూ చెక్కడం ఆమె పని. చెక్కేది ఆడవాళ్లు, పేరు మాత్రం మేస్త్రీ ఆర్విల్ క్రంప్‌ది.

డెబ్బై ఎనిమిదో ఏట, ఒక అక్టోబరు శనివారం, దీపం స్టాండు కోసం పాత సామాన్ల కొట్టుకు వెళ్లింది. అద్దాల బీరువాలో ఒక ట్రంపెట్, దానికి వేలాడుతూ ఒక చీటీ: "క్రంప్ స్వహస్తాలతో చెక్కినది. అరుదు."

ఆమె ఒళ్లు భగ్గుమంది.

"ఇటివ్వు, చూస్తాను," అంది కొట్టు యజమాని వెండెల్‌తో. మధ్య మీట గొట్టం మీది తయారీ నంబరు చదివింది. "అరవై ఒకటిలో చేసింది. అప్పటికే క్రంప్‌కి చేతులు వణికేవి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికే అవస్థ పడేవాడు. వాడు తీగ చెక్కాడా?"

"అందరూ అలాగే అంటారమ్మా..."

"ఆ అందరూ నా పక్క బల్ల దగ్గర కూర్చున్నారా? ఇక్కడ చూడు. ఆకుల ఈనెలన్నీ ఎడమచేతి వాటం. ఆ గదిలో ఎడమచేతి మనిషిని నేనొక్కదాన్నే. ఈ తేనెటీగ కనిపించిందా? ఉలి జారి గీత పడితే దాన్నిలా మార్చాను. అందుకు ఆ మహానుభావుడు పదిమందిలో నన్ను చెడామడా తిట్టాడు."

వెండెల్ నమ్మలేదు. ఆమె రిపేరు బల్ల మీది ఉలి అడిగి తీసుకుని, పనికిరాని ఇత్తడి రేకు మీద తీగ చెక్కింది. చేయి మునుపటంత నిలకడగా లేదు కానీ, ఈనెల వాలు అదే. రెండింటినీ భూతద్దంలో చూసి అతను తల గోక్కున్నాడు.

"మీదేనమ్మా. కానీ కొనేవాళ్లకి క్రంప్ పేరే కావాలి. చీటీ మార్చలేను."

"అయితే నేనే కొంటాను." డబ్బు బల్ల మీద పడేసింది. రసీదు చేతికొచ్చాక మళ్లీ ఉలి అందుకుని, తేనెటీగ కింద తన పేరు చెక్కసాగింది.

"అయ్యో, పాడుచేస్తున్నారు! దాని విలువంతా పోతుంది!"

"నోర్మూసుకో! అక్షరం వంకరపోతుంది."

వారం తర్వాత వెండెల్ ఫోన్ చేశాడు. క్రంప్ చీటీలున్న ట్రంపెట్లు ఇంకో మూడున్నాయి, ఎవరు చెక్కినవో వచ్చి చూసి చెప్పమన్నాడు. వెళ్లింది. ఒకటి తనది. ఇంకొకటి, ఎప్పుడో పోయిన స్నేహితురాలు వెల్డాది. ఆ రెండు చీటీలూ తన చేత్తోనే చింపింది. మూడోదాన్ని చాలాసేపు తిప్పితిప్పి చూసి, మొహం చిట్లించి వెనక్కిచ్చేసింది.

"ఇది నిజంగానే వాడిది. పువ్వు చూడు, తొక్కేసిన క్యాబేజీలా ఉంది. దీని మీద వాడి పేరే ఉంచు."