మోవర్ తగిలించిన శనివారం

తిరిగే యంత్రమంటే వసుమతికి భయం. నందిగామలో వాళ్ళ నాన్నకు పిండిమర ఉండేది. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు, మర పక్కన నిలబడి కబుర్లు చెబుతున్న పిన్ని పైట చెంగు బెల్టులో పడింది. నాన్న ఒక్క ఉదుటున స్విచ్ కట్టేశాడు కాబట్టి పిన్ని భుజం విరగడంతో బయటపడింది. ఆ తరవాత వసుమతి పెద్ద చదువులు చదివింది. పాతికేళ్ళ కిందట హెచ్-1బి వీసా మీద కాలిఫోర్నియా వచ్చి, శాన్ రామన్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీముకు పెద్ద అయింది. అయినా ఈ రోజుకీ మిక్సీ మూత తీసేముందు ప్లగ్గు పీకేస్తుంది.

అలాంటి మనిషి ట్రాక్టర్ ఉన్న ఇంట్లో కాపురం చేయాల్సివచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట భర్త కృష్ణమోహన్ ఊరి బయట కొండల మధ్య అయిదెకరాల నేలా, అందులో పాత ఇల్లూ, షెడ్డులో పాత ట్రాక్టరూ కలిపి కొన్నాడు. మే వచ్చేసరికి అక్కడి గడ్డి అంతా నడుమెత్తు పెరిగి ఎండి, అగ్గిపుల్ల కోసం ఎదురు చూస్తున్నట్టుగా నిలబడుతుంది. నెలాఖరులోగా కోయించాలని ఫైర్ డిపార్ట్‌మెంట్ నోటీసు పంపుతుంది. ఏటా కృష్ణమోహనే కోసేవాడు.

ఈసారి అతను కొయ్యలేదు. గడ్డి కోసే మోవర్‌ని ట్రాక్టర్ వెనక తగిలించబోయి, అది సరిగ్గా అందక, గడ్డపారతో ఎగదోశాడు. నడుములో ఏదో కలుక్కుమంది. డిస్క్ జారిందన్నారు. ఆరు వారాలపాటు నాలుగు లీటర్ల పాల డబ్బాకి మించి ఏదీ ఎత్తకూడదన్నారు. వసుమతి గడ్డి కోసేవాళ్ళకి వరసగా ఫోన్లు చేసింది. జూన్ రెండో వారం దాకా ఎవరికీ ఖాళీ లేదు. ఇంతలో ఆదివారం నుంచి పొడిగాలులని ఫోన్‌లో హెచ్చరిక వచ్చింది. ఆ గాలి ఉన్నప్పుడు మోవర్ నడపనివ్వరు. బ్లేడు రాయికి తగిలి ఒక్క నిప్పురవ్వ లేచినా చాలు.

"ఎక్స్‌టెన్షన్ అడుగుదాం వసూ," అన్నాడు కృష్ణమోహన్.

"గాలి ఎక్స్‌టెన్షన్ ఇస్తుందాండీ? శనివారం పొద్దున్నే నేను కోస్తాను. ఎండ ఎక్కేలోగా, పదికల్లా ఆపేయాలి."

ట్రాక్టర్ నడపడం ఆమెకు వచ్చు. మోవర్ తగిలించడం మాత్రం ఎన్నడూ చేయలేదు. మోవర్‌కి సొంత ఇంజను ఉండదు. ట్రాక్టర్ వెనక జానెడు ఇనుప మొన ఒకటి గిర్రున తిరుగుతుంది, దాన్నే పీటీఓ అంటారు. ఆ తిరుగుడుని మోవర్‌కి అందించేది పొడుగాటి షాఫ్ట్. ముందు ట్రాక్టర్ వెనకున్న రెండు చేతుల్నీ, పైన ఉండే కడ్డీనీ మోవర్‌కి బిగించాలి. ఆ తరవాత షాఫ్ట్ మూతిని మొనకి తొడగాలి. మొన మీది గాళ్ళలో మూతి లోపలి గట్లు పడితేనే అది ఎక్కుతుంది.

శనివారం ఆరింటికే మొదలుపెట్టింది. ట్రాక్టర్ ఎడమ చెయ్యి ఎక్కింది. కుడి చెయ్యి నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. మోవర్‌ని భుజంతో నెట్టింది, కాలితో తన్నింది, అది కదల్లేదు. వరండాలో కుర్చీలోంచి కృష్ణమోహన్ "ఇంకొంచెం గట్టిగా! ఎడం పక్కకి!" అంటూనే ఉన్నాడు. టైము చూస్తే ఏడూ ఇరవై.

ఇంజను స్టార్ట్ అవుతూ ఆగుతూ ఉండటం విని పక్కింటి మార్లీన్ కంచె దాటి వచ్చింది. డెబ్భై నాలుగేళ్ళు, రెండు తుంట్లూ ఆపరేషన్ అయ్యాయి, గుర్రాలను ఒక్కతే చూసుకుంటుంది.

"ముందు తాళం తీసి నీ జేబులో పెట్టుకో," అంది. వసుమతి పెట్టుకుంది.

"మీ ఆయన దీన్ని బలంతో తగిలిస్తాడు. నాకు బలం ఏనాడో పోయింది, అందుకని వేరేలా నేర్చుకున్నా. మోవర్ జోలికి పోకు, అది బండరాయి. కదలాల్సింది ట్రాక్టర్."

మార్లీన్ దూరంగా, ఎదురుగా కనబడేచోట నిలబడి చెయ్యి ఊపుతుంటే వసుమతి ట్రాక్టర్‌ని అంగుళం ముందుకీ అంగుళం వెనక్కీ జరిపింది. మళ్ళీ ఆపి, తాళం తీసి, దిగింది. ట్రాక్టర్ కుడి చేతికి ఉన్న తిప్పుడు పిడి తిప్పితే ఆ చెయ్యి కిందికి దిగి, మోవర్ పిన్ను దానంతటదే దూరింది. ఎనిమిదేళ్ళుగా ఆ పిడి అక్కడే ఉంది, ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

పై కడ్డీ కూడా బిగించాక, షాఫ్ట్ దగ్గర పని మళ్ళీ ఆగింది. అది గొట్టంలో గొట్టం. ముడుచుకుంటేగానీ మూతి మొనకి ఎదురుగా రాదు, ఇదేమో తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఇద్దరూ దాన్ని గడ్డి లేని నేల మీద పెట్టి, రెండు ముక్కలూ విడదీసి, తుడిచి గ్రీజు పూశారు. రెండిటి మీదా ఉన్న గురుతులు కలిసేలా చూసుకుని మళ్ళీ దూర్చారు. పై కడ్డీ నుంచి చిన్న గొలుసు వేలాడదీసి అందులో షాఫ్ట్‌ని నిలబెట్టేసరికి బరువంతా గొలుసు మీద పడి, చేతులు ఖాళీ అయ్యాయి.

అయినా మూతి ఎక్కలేదు. గాడి ఎక్కడుందో చేతికి తెలియడంలేదు. వసుమతి కాసేపు ఆలోచించి, ఇంట్లోంచి సుద్దముక్క తెచ్చింది. మొన మీద ఒక గాడికి ఎదురుగా గీత గీసింది. మూతి అంచున, లోపలి గట్టు ఉన్నచోట ఇంకో గీత గీసింది. మూతి చుట్టూ ఉన్న ఇనుప కాలర్‌ని వెనక్కి లాగి, గీతకి గీత కలిసేదాకా షాఫ్ట్‌ని మెల్లిగా తిప్పింది. నూనెలో జారినట్టు లోపలికి పోయి టక్కుమంది. పట్టుకుని మూడుసార్లు లాగి చూసింది. ఊడలేదు.

"నాకు తట్టలేదే ఇది!" అని నవ్వి, మార్లీన్ గుర్రాలకు మేత వేయడానికి వెళ్ళిపోయింది.

ఎనిమిదిన్నర. వసుమతి ఎక్కి ఇంజను స్టార్ట్ చేసింది. పీటీఓ లివర్ మీద చెయ్యి వేసింది. ఏమనిపించిందో, నెట్టబోయే ముందు వరండా వైపు చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది.

వెనక్కి తిరిగింది. కృష్ణమోహన్ షాఫ్ట్ మీదికి వంగి, కాలర్‌ని తడిమి చూస్తున్నాడు. నడుముకి చుట్టుకున్న బెల్టు పట్టీ ఊడి, షాఫ్ట్‌కి బెత్తెడు దూరంలో ఊగుతోంది.

ఇంజను ఆపింది. తాళం లాగింది.

"ఇవతలికి రండి! ఇవతలికి రమ్మంటున్నానా!"

ఇరవై ఏడేళ్ళ కాపురంలో అంత గొంతు ఆమెకు ఉందని అతనికి తెలియదు. అతను రెండు చేతులూ పైకెత్తి వెనక్కి జరిగాడు. "క్లిక్ పడిందో లేదో చెక్ చేద్దామని..."

"నేను చెక్ చేశాను. మూడుసార్లు చేశాను." ఆమెకు ఏడుపు వచ్చేసింది. పది నిమిషాలు సీటు మీదే కూర్చుండిపోయింది. అతను నీళ్ళు తెచ్చి ఇచ్చి, వెళ్ళి కంచె దగ్గర నిలబడ్డాడు.

అప్పుడు కోసింది. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కట్టుకుని, బ్లేడు కింద రాయి టంగుమన్నప్పుడల్లా వెనక్కి తిరిగి పొగ ఉందేమోనని చూసుకుంటూ కోసింది. పది కొట్టేసరికి వాగు పక్కన కోయని గడ్డి సన్నటి చాలు ఒకటి మిగిలింది.

"ఇంకో రెండు రౌండ్లే కదా వసూ!"

"పది అయిందండీ," అని ఆపేసింది.

గాలి మూడు రోజులు వీచింది. ఆ మూడు రోజులూ ఆమె ఇల్లు కదల్లేదు, సోమ, మంగళవారాలు ఆఫీస్‌కి కూడా వెళ్ళలేదు. లాప్‌టాప్ వరండాలో పెట్టుకుని, మిగిలిపోయిన ఆ చాలు వైపే చూస్తూ, గాలిలో పొగ వాసన వెతుక్కుంటూ గడిపింది. ఏమీ కాలేదు. బుధవారం గాలి తగ్గాక ఆ చాలు కూడా కోసేసింది. తరవాత ఇన్‌స్పెక్టర్ వచ్చి, బండి దిగకుండానే రోడ్డు మీంచి చూసి, టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర కృష్ణమోహన్ "శనివారం నువ్వు వెనక్కి చూడకపోయి ఉంటే..." అని మొదలుపెట్టాడు. ఆమె అతని కంచంలో పెరుగు వేసి, "తినండి," అంది.

ఇప్పుడు మోవర్ తగిలించేది ఆమే. ఇరవై నిమిషాలు పడుతుంది. అతను కంచె దగ్గర మూడో స్తంభం పక్కన నిలబడి చెయ్యి ఎత్తాలి. ఆ చెయ్యి కనబడేదాకా ఆమె తాళం తిప్పదు.