మొగిలి ఘాట్‌లో మా కారు ఆగని రోజు

మొన్న కళ్ళు చూపించుకోవడానికి తిరుపతికి పోతుంటే, చంద్రగిరి దగ్గర రోడ్డు పక్కన ఏడెనిమిది పాత కార్లు వరసగా నిలబడి కనిపించాయి. అందులో ఒకదానికి బానెట్ తెరిచి, నలుగురు మగవాళ్ళు తలలు లోపల పెట్టి ఏదో తగవు పడుతున్నారు, వాళ్ళ ఆడవాళ్ళేమో కాస్త దూరంగా దుప్పటి పరుచుకొని టిఫిన్ డబ్బాలు తెరుస్తున్నారు. కారు నడుపుతున్న మా తమ్ముడి కొడుకు నవ్వి, ‘ఈ ముసలి బండ్లతో వీళ్ళకేం పనత్తా, హాయిగా ఇంట్లో ఉండక’ అన్నాడు. వాడికి జవాబు చెప్పాలంటే తిరుపతి చేరేలోపల అయ్యే పని కాదు.

మీలో నా ఈడు వాళ్ళకు ఆ కార్లు గుర్తుండే ఉంటాయి. గుండ్రటి వీపు, తలుపు వేస్తే ‘ధబ్’మనే శబ్దం, ఎండకు కాలిన రెక్సిన్ సీటు వాసన. మా ఆయన చిత్తూరులో ఐటీఐ పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. కార్వేటినగరంలో ఎవరిదో పాత కొట్టంలో, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఒక కారును చూసి వచ్చిన రోజున ఆయన ముఖంలో కనిపించిన వెలుగు మా పెళ్ళిచూపుల నాడు కనిపించలేదని నేను ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను. దాన్ని మా పెరట్లోకి లాక్కొచ్చి, విడదీసి, మళ్ళీ కలపడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఆ తొమ్మిదేళ్ళూ మా వంటింటి గట్టు మీద పోపులపెట్టె పక్కనే నట్లూ బోల్టులూ ఉండేవి, ఒకసారి చారులో వాషరు వచ్చిందంటే మా ఆడబిడ్డ నమ్మలేదు.

ఇలాంటి పిచ్చివాళ్ళందరూ ఒకరినొకరు ఎలా పసిగడతారో గానీ, తిరుపతి నుంచి ఒకాయన, పలమనేరు నుంచి ఒకాయన, ఇట్లా ఏడుగురు పోగయ్యారు. ఏటా వానలు వెనకపట్టాక మూడు రోజుల టూరు పెట్టుకునేవారు. మొదట్లో మగవాళ్ళే పోయేవారు. తర్వాత పలమనేరులో టమోటా మండీ నడిపే పెద్దాయన, ‘ఆడోళ్ళని ఇంట్లో ఇడిసిపెట్టి మనమే తిరిగితే ఏం బాగుంటాదబ్బా’ అన్నాడట, అప్పటి నుంచి జంటలుగానే పోవాలని నియమం పెట్టారు. మేము ఆడవాళ్ళం కార్లను ‘సవతులు’ అనేవాళ్ళం. కలవగానే ‘మీ సవతి ఎట్లుండాది వదినా’ అని పలకరించుకోవడం, ‘దానికేం, నాకంటే బాగుండాది’ అని నవ్వుకోవడం.

ఆ టూరులో ఒక కట్టుబాటు ఉండేది. మండీ ఆయన దారంతా చేత్తో రాసి, జిరాక్సు తీయించి, ఒక్కొక్క కాగితం భార్యల చేతికి ఇచ్చేవాడు. ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఆగాలో పక్క సీట్లో కూర్చున్న ఆడమనిషి చెప్పాలి, తోలే మగవాడు నోరెత్తకుండా వినాలి. అయితే బండి సంగతి మాత్రం ఆడవాళ్ళు ఎత్తకూడదు. గేరు ఎందుకట్లా అరిచింది, బ్రేకు ఎందుకంత గట్టిగా కొట్టావు అని అడిగామా, ‘దారి మీది, బండి మాది’ అనేవారు అందరూ ఒకే గొంతుతో. ఈ మాటకు మేమూ నవ్వి ఊరుకునేవాళ్ళం, మాకు మాత్రం ఆ నూనె మరకల గొడవ ఎందుకని.

నేను చెప్పబోయే ఏడాదికి మా ఆయన రిటైరై రెండేళ్ళయింది. షుగరు ఆయనకు అప్పటికే పాత చుట్టం. ఆ ఏడు వేసవిలో కుడికాలు మొద్దుబారింది. చిత్తూరులో చూపిస్తే, పాదంలో స్పర్శ పోయిందనీ, ఇక కారు నడపవద్దనీ డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. మా టూరులోనే తిరుపతి డాక్టరుగారు ఉన్నారు, ఎందరెందరి షుగరు కాళ్ళో చూసిన మనిషి. ఆయన దగ్గరికి పోదామంటే మా ఆయన ఒప్పుకోలేదు. ఆయనకు తెలిస్తే అందరికీ తెలుస్తుంది, అందరికీ తెలిస్తే టూరు నుంచి తీసేస్తారని భయం. ఈ ఒక్క టూరు పోయొచ్చి తాళాలు నీ చేతికిచ్చేస్తాను, అంతవరకు ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు, అదీ తన తల మీద చెయ్యి పెట్టించి. పెద్దదాన్ని, చదువుకున్నదాన్ని, వద్దని చెప్పాల్సింది నేనే. కానీ చిన్నపిల్లాడు జాతరకు పోతానన్నట్టు అడుగుతున్న ఆ ముఖం చూసి చెయ్యి పెట్టేశాను. నాదీ తప్పే, దాచుకోను.

మొదటి రోజు తిరుపతిలో బయలుదేరి, పుత్తూరు మీదుగా కార్వేటినగరం చేరాం. పాత రాజభవనం మిగిలిన గోడల దగ్గర అందరూ దిగి తిరుగుతున్నారు. మా ఆయన ముందు నడుస్తున్నాడు, తన కారు ఇక్కడి కొట్టంలోనే దొరికిందని ఎవరికో చెబుతూ, చేతులు ఊపుతూ. వెనక నడుస్తున్న నాకు ఆయన కుడికాలి చెప్పు దారిలో పడి కనిపించింది. ఆయన మాత్రం ఆగలేదు. మధ్యాహ్నపు బండల మీద ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఉత్తది, అలాగే నవ్వుకుంటూ నడిచిపోతున్నాడు. ఆ చెప్పు తీసుకుని కొంగు చాటున పెట్టుకుని, ఆయన్ని ఏదో వంకతో పక్కకు పిలిచి తొడిగించాను. ఆయన నా ముఖం కేసి చూడలేదు. ఆ రోజు చిత్తూరు చేరేదాకా నా కళ్ళు చేతిలోని దారి కాగితం మీద లేవు, ఆయన పాదం మీదే ఉన్నాయి. రెండుసార్లు మలుపు చెప్పడం మరిచిపోయాను, అందరూ నన్నే ఆటపట్టించారు.

రెండో రోజు చిత్తూరు నుంచి పలమనేరుకు ఎక్కుతున్నాం. మొగిలి ఘాట్ ఎక్కాక, చల్లగాలి తగిలే చోట, రోడ్డు దిగి ఖాళీ జాగాలో కాఫీకి ఆగడం మాకు అలవాటు. మాదే చివరి కారు. మా ముందు డాక్టరుగారి కారు ఆగి ఉంది. డాక్టరుగారి భార్య వెనక డిక్కీ తెరిచి ఫ్లాస్కూ గ్లాసులూ బయటికి తీస్తోంది. మా ఆయన మెల్లగానే తెచ్చాడు, ఆగడానికి బ్రేకు మీద కాలు పెట్టాననే అనుకున్నాడు. పాదం బ్రేకు మీద లేదు, జారి పక్కకు పోయింది, ఆ సంగతి ఆయనకు తెలియలేదు. కారు ఆగకుండా పోతూనే ఉంది. నేను కెవ్వుమని అరిచాను. అంతకు క్షణం ముందే గ్లాసు ఒకటి దొర్లిపోతే దాన్ని పట్టుకోవడానికి ఆమె నాలుగడుగులు పక్కకు వేసింది. మా బంపరు పోయి వాళ్ళ బంపరుకు తగిలింది. ఆమె మోకాళ్ళు ఉండాల్సిన చోట, బంపరు మీద పెట్టిన ఫ్లాస్కు నుజ్జునుజ్జయి, కాఫీ కారిపోతోంది. ఆమె గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఇక చూడండి మా మగవాళ్ళ సంబరం. ఆమెకు దెబ్బేమీ తగలలేదని తెలియగానే అందరూ మా కారు మీద పడ్డారు. గోనెసంచి పరిచి ఒకరు కిందికి దూరారు, ఒకరు చక్రం విప్పారు. ‘బ్రేకు షూ అరిగిపోయిండాది’ అని ఒకరు, ‘కాదప్పా, ఆయిలు దిగిపోయినట్టుండాది’ అని ఇంకొకరు. గంటన్నర సేపు! ఇందులో అన్నిటికంటే విడ్డూరం, ఆ కారు కింద పడుకుని పైకి చూస్తున్నది సాక్షాత్తూ తిరుపతి డాక్టరుగారే. కాళ్ళు చూడాల్సిన మనిషి కారు పొట్ట చూస్తున్నాడు. పక్కన నిలబడ్డ మా ఆయన చెప్పులోంచి మళ్ళీ మడమ బయటికి వచ్చేసి ఉంది, దానికి జానెడు దూరంలోనే డాక్టరుగారి తల ఉంది, ఆయన కంటికి అది ఆనలేదు. కారులో ఏం చెడినా కనిపెట్టగలిగిన ఆ ఆరుగురికీ మనిషిలో చెడి ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు. అది వాళ్ళకున్న ప్రేమే, నాకు తెలుసు, తమలో ఒకరిని తప్పు పట్టడం వాళ్ళకు చేతకాదు. కానీ మా ఆయన కూడా ‘స్ప్రింగు చూడబ్బా, స్ప్రింగు’ అంటూ వంత పాడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

చివరికి డాక్టరుగారు నూనె చేతులతో బయటికి వచ్చి, ‘అంతా సరిగ్గానే ఉండాది గదప్పా’ అన్నారు. దానికి మండీ ఆయన, ‘అట్లయితే ఇంకోసారి తోలి సూడప్పా, మేమంతా ముందర నిలబడి సూస్తాం’ అన్నాడు. మా ఆయన తల ఊపి తలుపు దగ్గరికి నడిచాడు. ముందర నిలబడడానికి ఆరుగురు మగవాళ్ళు, వాళ్ళ వెనక డాక్టరుగారి భార్య.

నేను పోయి తలుపుకు అడ్డం నిలబడ్డాను. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అంత గొంతు! ‘బ్రేకు బాగానే ఉండాది. ఈయన కాలే బాగలేదు. ఆ కాలికి ఏం తగిలినా తెలీదు. కారు తోలొద్దని డాక్టరు ఎండాకాలంలోనే సెప్పినాడు. సెప్పనని ఒట్టేసినాను, తప్పినాను, ఆ పాపమేదో నాకే తగలనీ’ అని అరిచి, అక్కడే నిలబడి ఏడ్చేశాను.

మా ఆయన నన్ను చూసిన చూపు నేను ఎన్నటికీ మరిచిపోలేను, నలుగురిలో నేను తన పంచె ఊడదీసినట్టు చూశాడు. తర్వాత పోయి కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. డాక్టరుగారు మెల్లగా పోయి ఆయన ముందు గొంతుకూర్చుని, చెప్పు తీసి, పాదం ఒళ్ళో పెట్టుకుని, కారు తాళంచెవి మొనతో అరికాలు నొక్కారు. ‘తెలుస్తా ఉండాదా?’ మా ఆయన లేదన్నాడు. ఇంకోచోట నొక్కారు. లేదు. ‘ఈడ?’ లేదు. డాక్టరుగారు ఆ పాదం కింద పెట్టలేదు, రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయారు. ‘గంటన్నర నీ కాలి పక్కనే పండుకోనుంటి కదప్పా’ అన్నారు. నూనె మరకల చేతితోనే కళ్ళు తుడుచుకున్నారు.

కారును అక్కడ వదిలి పోవడమన్నది మా టూరులో లేదు. తాళాలు ఎవరు తీసుకుంటారా అని అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, డాక్టరుగారి భార్య చెయ్యి చాపింది. ఆమెకు డ్రైవింగు వచ్చు, ఏ టూరులోనూ ఎవరూ ఆమెను తోలమనలేదు, అంతే. కొంచెంలో మా కారు కింద పడాల్సిన మనిషే దాన్ని పలమనేరు దాకా నడిపింది. నేను వెనక సీట్లోకి పోయాను. మా ఆయన పక్క సీట్లో కూర్చుని, దారి కాగితం చేతికిస్తే, కాసేపు దాన్ని చూసి, ‘ముందర కుడికి తల్లీ’ అన్నాడు.

నాతో మాత్రం వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పొద్దున పెరట్లోకి పిలిచి, నన్ను కారు సీట్లో కూర్చోబెట్టి, ఇది క్లచ్చి, ఇది బ్రేకు అని మొదలుపెట్టాడు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో నేను డ్రైవింగు నేర్చుకున్నాను. అబ్బో, ఐటీఐలో ఆయన దగ్గర చదివిన పిల్లలు ఎంత ఓర్పు గలవాళ్ళో నాకప్పుడు తెలిసింది. గేరు గరగరమన్నప్పుడల్లా ఆ కారుకంటే ఈయనే గట్టిగా అరిచేవాడు. అట్లా తిట్లు తింటూనే ఆ తర్వాత నాలుగు టూర్లు నేను తోలాను, ఆయన కాగితం చదివాడు. ‘దారి మీది, బండి మాది’ అనే మాట ఆ తర్వాత ఎవరి నోటా వినపడలేదు.

మేము కలిసి పోయిన చివరి టూరులో, మళ్ళీ అదే ఘాట్ పైన కాఫీ తాగుతూ, ఉన్నట్టుండి అన్నాడు, ‘ఆ పొద్దు నువ్వు సెప్పకుంటే నేను సచ్చినా సెప్పుండను. నువ్వుండావు, ఊరుకోవు, అనే ధైర్యంతోనే తోలినాను.’ నాకు కోపం తన్నుకొచ్చింది. అన్నేళ్ళు ఒట్టు తప్పానని, నలుగురిలో ఆయన పరువు తీశానని నాలో నేను కుమిలిపోయాను, ఆ మాట అప్పుడే చెబితే ఆయన సొమ్మేం పోయింది? గట్టిగా తిట్టాను కూడా. ఆయన నవ్వుతూ కాఫీ చల్లారబెట్టుకున్నాడు.

ఆయన పోయి మూడేళ్ళయింది. కారు మండీ ఆయన కొట్టంలో క్షేమంగా ఉంది. ఇప్పటి కార్లు వేరు. మా తమ్ముడి కొడుకు కారుకు ముందర ఏదైనా అడ్డం వస్తే అదే కూత పెడుతుంది, మనం తొక్కకపోయినా అదే బ్రేకు వేసుకుంటుందట. వినగానే నాకు డాక్టరుగారి భార్య గుర్తొచ్చి, ఇది అప్పుడే వచ్చి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది, కాదనను. పక్క సీట్లో మనిషికి ఇప్పుడు పనే లేదు, దారి చెప్పేదీ అదే, ఆపేదీ అదే. మొన్న తిరుపతి దాకా నేను ఊరికే కూర్చుని పోయాను. నేనున్నాననే ధైర్యంతో తప్పు చేసే మనిషి ఇప్పుడు నాకు లేడు.