సాయిలు ఖాతా నా వల్ల ఆగిపోయింది

ఈ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్ కింద ఇస్త్రీ చేసే సాయిలుతో కలిసి బ్యాంకుకు వెళ్లాను. పోలీసులు చెప్పారని అతని ఖాతా ఆపేశారు. ఇస్త్రీ డబ్బులన్నీ అందులోనే పడతాయి. తప్పు నాది.

పోయిన వారం నా దగ్గరున్న కొంత క్రిప్టో కరెన్సీని ఒక యాప్‌లో ఎవరో తెలియని మనిషికి అమ్మాను. అలా కొనేవాళ్లలో మోసగాళ్లుంటారని, వాళ్లు పంపే దొంగ డబ్బు పడితే మన ఖాతా ఆగిపోతుందని నాకు తెలుసు. అందుకే సాయిలు ఖాతా నంబరు ఇచ్చాను. ఆఫీసు డబ్బని అతనికి అబద్ధం చెప్పాను. డబ్బు పంపినవాడి పేరు, కొన్నవాడి పేరు ఒకటి కాదు, అది దొంగ డబ్బేమో అనడానికి గుర్తు. నా ఖాతా అయితే ఆ బేరం అక్కడే ఆపేసేవాణ్ణి.

"ఈ డబ్బు ఎవరిది?" అని మేనేజరు గారు అడిగారు.

"నాకేం తెల్వది మేడం. మా సార్‌నే అడుగుండ్రి. నా కోసం డ్యూటీ ఇడిసిపెట్టి వచ్చిన్రు, మస్తు మంచోళ్లు" అన్నాడు సాయిలు.

నేను జరిగిందంతా చెప్పి, కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఖాతా ఎప్పుడు తెరుస్తారో ఆమె చెప్పలేకపోయారు.

బయటికొచ్చాక సాయిలు, "తెలిసే ఇచ్చిన్రా సార్?" అని ఒక్కమాట అడిగాడు. అవునన్నాను. అతను నా బండి ఎక్కలేదు. ఆటో కోసం రోడ్డు దాటాడు.

మోసపోకూడదని నేను పడిన జాగ్రత్త అంతా అతన్ని మోసం చేయడానికే పనికొచ్చింది. రేపు అతని ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి? తోచింది చెప్పండి, తిట్టాలనిపిస్తే తిట్టండి.