చర్చిలో బొట్టుబిళ్ల వేట

ఈ రోజు మా చర్చిలో ఊరందరికీ కంటి పరీక్షలు పెట్టాం. జాలరిపేట నుంచి వచ్చిన ఒక మామ్మ మొహం కడుక్కుంటే నుదుటి కుంకుమ కాస్తా పోయింది. ఇక పరీక్ష వద్దంటూ లేచి నిలబడింది.

"బొట్టు నేకుండా కూకోమంటావేటమ్మా? మా ముసిలోడు బతికే ఉన్నాడు, ఇంటికాడ వల బాగుసేత్తన్నాడు!"

"కదలకు మామ్మా, బొట్టు తెచ్చే పూచీ నాది" అన్నారు పాస్టరమ్మగారు. చర్చిలో బొట్టు ఎవరు పెట్టుకుంటారు? అందరినీ అడిగారు, లేదు. చివరికి నా బ్యాగులో దొరికింది, కాలేజీలో ట్రెడిషనల్ డేకి కొన్న స్టిక్కరు. పాస్టరమ్మగారే అంటించారు.

కొత్త కళ్లజోడుతో మామ్మ అద్దంలో మొదట చూసుకున్నది ఆ బొట్టునే.

మా అమ్మ మాత్రం సాయంత్రం నుంచి ఒకటే ప్రశ్న: "అది నీ బ్యాగులోకెలా వచ్చిందే?" మీరైతే ఏం చెప్తారు?