తెరిచి నాలుగు రోజులైన డబ్బా

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పూర్తి అబద్ధం కూడా కాదు, సగం నిజం. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చిందేమో. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పట్లో సోమందేపల్లెలో, హైవే పక్కన ఒక బేకరీలో కేకులు చేసేదాన్ని. వాటి మధ్యలో పెట్టే పండ్ల గుజ్జు ఓబులక్క చేసేది. నాకంటే ఇరవయ్యేళ్లు పెద్దది. మామిడిపండ్లు తొక్క తీసి, ముక్కలు కోసి, చక్కెర వేసి, చిక్కబడేదాకా పొయ్యి దగ్గరే నిలబడి కలిపేది. చుట్టుపక్కల పెళ్లిళ్లలో తీపి వంటలకు కూడా ఆమెనే పిలిచేవాళ్లు. గుజ్జు చాలనప్పుడు వాడుకోమని ఓనరన్న రెడీమేడ్ ఫిల్లింగ్ డబ్బాలు తెప్పించి పెట్టాడు. మూత తీస్తే చాలు. కోయక్కర్లేదు, ఉడికించక్కర్లేదు. నాకు ఆ డబ్బాలంటేనే ఇష్టం.

ఆ ఎండాకాలం ఒక పుట్టినరోజు కేకుకు ఓబులక్క గుజ్జు కొంచెం తగ్గింది. నేను నాలుగు రోజుల కిందట తెరిచి సగం వాడిన డబ్బా ఫ్రిజ్‌లో ఉంది. ఆ నాలుగు రోజులూ కరెంటు వస్తూ పోతూ ఉంది. మూత తీయగానే పుల్లటి వాసన తగిలింది. తగల్లేదని చెప్పుకోలేను. కొత్త డబ్బా ఎందుకు తెరవలేదు? సగం డబ్బా పారేస్తే అన్న తిడతాడని భయమా? బద్ధకమా? ఇంత చక్కెర, నాలుగు చుక్కల ఎసెన్సు వేసి ఓబులక్క గుజ్జులో కలిపేశాను.

ఆ కేకు తిన్న పిల్లలకు వాంతులయ్యాయి. ఒక పాపను రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. తర్వాత అందరూ కోలుకున్నారు.

కేకు తిన్న మరుసటి రోజే అన్న మా ఇద్దరినీ నిలబెట్టి అడిగాడు.

"ఆ కేకులో గుజ్జు యెవురు చేసినారు?"

"ఓబులక్క చేసిందేన్నా," అన్నాను.

నావైపు తిరిగి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఆమెకు డబ్బా సంగతి తెలియదు.

"నేనేన్నా చేసింది. యాడో ఒక పండు కుళ్లిండెనేమో, చూసుకోల్యా. ఆ పాప ఇప్పుడెట్లుండాది?" అంది.

తన చేతుల్లోనే తప్పు జరిగిందని నమ్మేసింది. అదే సాయంత్రం ఆమెను పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత పెళ్లిళ్లకు పిలిచినా తనే పోవడం మానేసిందని విన్నాను.

పోయిన నెల పెనుకొండ బస్టాండులో కనిపించింది. రాయదుర్గంలో కూతురి దగ్గర ఉంటూ, జీన్స్ కుట్టే చోట దారాలు కత్తిరిస్తోందట. నేను సొంత బేకరీ పెట్టుకున్నానంటే సంతోషంగా నా చేయి పట్టుకుంది.

"పండ్లు ఒకటికి రెండుసార్లు చూసుకో పాపా. నా మాదిరి చేయొద్దు."

"సరేక్కా," అన్నాను. అంతే. ఆమె బస్సు రావడానికి ఇంకా పావుగంట ఉంది. ఆ పావుగంటా మనవరాలి చదువు గురించి అడుగుతూ కూర్చున్నాను.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెప్పడం న్యాయం కాదని తెలుసు. చెబితే తిడుతుందని భయమా? లేక తిట్టకుండా, పోనీలే పాపా అనేస్తుందనా? నాకే అంతుపట్టడం లేదు. కానీ ఒక్కసారైనా ఉన్నదున్నట్టు రాయాలి. ఓబులక్క పండు కుళ్లలేదు. చెడిపోయింది నేను తెరిచిన డబ్బా. తెలిసే కలిపాను.

రాసింది మళ్లీ చదువుకున్నాను. కొట్టేయలేదు.