బందరుకి నేను పుట్టించిన కొండ

కువైట్‌లో నర్సుగా చేసిన రోజుల్లో నా రూమ్మేట్‌ది సిరియాలో సెద్నాయా అనే ఊరు. ఊరంతా కొండ మీదే. ఆమె కబుర్లు కూడా ఎప్పుడూ ఆ కొండ గురించే. పూర్వం ఒక చక్రవర్తి వేటలో జింకని తరుముతుంటే, అది కొండెక్కి మరియమ్మగా మారి, "ఇక్కడ నాకు గుడి కట్టు" అందట. అలా కట్టిన కన్యాస్త్రీల మఠం ఇప్పటికీ కోటలా ఉందట. మొక్కుకోడానికి ముస్లిములూ వస్తారట. చలికాలం మంచు పడుతుందట. ఇంతా చెప్పి, "మీ ఊళ్ళో కొండ ఎంత ఎత్తు?" అని అడిగింది.

మాది బందరు. మా వైపు ఎత్తంటే కాలవగట్టే. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. "మీ అంత కాదులే, మాకూ ఒకటుంది" అనేశాను.

నేను సెలవుకొచ్చి మా వైపే నందివాడలో వదిన వాళ్ళింట్లో ఉండగా ఆమె వీడియో కాల్ చేసింది. "ఏదీ, కొండ చూపించు!"

మళ్ళీ చేస్తానని పెట్టేసి, సంగతి వదినకి చెప్పాను. ఆవిడకి ఇలాంటివి మహా సరదా. "దానికేముంది, పద" అని నిచ్చెన వేసి నన్ను పెరట్లో గడ్డివామి ఎక్కించింది. ఇల్లు కనపడకుండా ఫోను మినపచేల వైపు తిప్పి, కాల్ చేసి, కాస్త ఆయాసం కూడా నటించాను.

"అబ్బ, పొలాలు ఎంత కిందున్నాయో!" అంది రూమ్మేట్.

అంతలో వామి కదిలింది. కట్టు తెంపుకున్న గేదె కింద నుంచి గడ్డి లాగుతోంది. దాన్ని అదిలించబోతే ఫోను అటు తిరిగింది.

ఆమె ఫోనుకి దగ్గరగా వంగి చూసింది. తర్వాత మెల్లగా అంది: "మీ కొండని గేదె తింటోంది."

వదిన నవ్వలేక నిచ్చెన పక్కనే కూలబడింది. ఇక ఉన్నది ఒప్పుకున్నాను. మాది బల్లపరుపు నేల అనీ, తుఫానొస్తే స్కూలు మేడే మాకు దిక్కనీ చెప్పాను. దానికి ఆమె నవ్వలేదు.

"ఇప్పుడు మా ఊరి పేరు చెప్తే అందరూ అక్కడి జైలు గురించే, అందులో చంపిన వేలమంది గురించే అడుగుతారు. అందుకే నేను ముందుగా కొండ గురించి చెప్పేస్తాను" అంది.

అది వదినకి తెలుగులో చెప్పాను. వదిన ఫోను లాక్కుంది. "ఏమండీ, మీకు గ్యాస్ బండ పైకి ఎవరు మోస్తారు?"

నేను తర్జుమా చేశాను. "మా నాన్న," అందామె. "బండ మోసిన రోజు మాత్రం ఆయన దగ్గర కొండ మాట ఎత్తం."