బోర్లా పడకముందే బొబ్బట్లు

పిల్లల ఎదుగుదలను నెలల్లో లెక్కపెట్టడం నర్సుల పని. మా తెలుగువాళ్ళ ఇళ్ళలో మాత్రం పిండివంటల్లో చెప్పుకునేవాళ్ళం. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, అడుగేస్తే అరిసెలు. తెలుగులో నాలుగు ముక్కలు కలిపి మాట్లాడలేనివాళ్ళకి కూడా ఈ వరస కంఠతా వచ్చు. ఇంటికొచ్చిన పళ్ళెం చూసి, ఫలానావాళ్ళ పిల్ల ఎంతవరకు వచ్చిందో చెప్పేసేవాళ్ళు.

మారిషస్‌కి స్వాతంత్ర్యం రావడానికి ముందటేడాది, లాల్మతీ ఊళ్ళో నాకు తొలికాన్పులో ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో నవ్వింది. మా అత్త నువ్వుండలు చేసి పంచింది. అయిదో నెల వచ్చింది, పోయింది. పిల్ల వెల్లకిలా పడుకుని గుప్పిళ్ళు చూసుకోవడమే తప్ప పక్కకి ఒరగలేదు. ఆరో నెలా అంతే. కాళ్ళలో బలం లేదేమో, ఎప్పటికీ నడవదేమో అని నాకు భయం పట్టుకుంది. మా ఆయనతో అంటే "లెస్ లీ" అన్నాడు, మా దీవి క్రెయోల్ భాషలో వదిలెయ్ అని. చెరకు కోతల కాలంలో ఆయనకి ఇంకేదీ కనబడదు.

ఇరుగుపొరుగు ఊరుకుంటారా? వీధి కుళాయి దగ్గర బిందె పెట్టానో లేదో, "ఏం వదినా, బొబ్బట్లు పాంకోర్?" అని మొదలు. ఇంకా కాలేదా అని.

ఒక శనివారం పొద్దున్నే వంటింట్లోంచి పప్పు ఉడుకుతున్న వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే మా అత్త పూర్ణంలో ముడి పంచదార కలుపుతోంది. ఆ రోజుల్లో మాకు బెల్లం ఎక్కడిది?

"పిల్ల ఇంకా తిరగలేదు కదత్తా" అన్నాను.

"తిరుగుతాదిలే" అంది, తలెత్తకుండా.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది అనుకున్నాను. పైకి అనలేదు. ఆ ఇంట్లో కోడలి నోరు తినడానికే. సాయంత్రానికి వీధి వీధంతా తిని బాగున్నాయంది.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. పిల్లని చాప మీద వేస్తే, వచ్చినవాళ్ళకి నిజం తెలిసిపోతుంది. అందుకని వెయ్యడం మానేశాం. మెలకువగా ఉంటే ఎవరో ఒకరి చంక, నిద్రపోతే ఉయ్యాల. నేలంటే ఏమిటో ఆ పిల్లకి తెలియకుండా పోయింది. మా అత్తని చూస్తే నాకు ఒళ్ళు మండేది. అయినా ఎనిమిదో నెల దాకా ఇద్దరం కలిసే పరువు కాపాడాం.

పిల్లల్ని తూచడానికి మా ఊరికి ఒక క్రెయోల్ నర్సు వచ్చేది. మా పిల్లని తూచి, బోర్లా పడుతోందా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్కింటావిడ అందుకుంది. "వీ, వీ! నూ ఫిన్ మాంజ్ గాతో!" అవునవును, మేం పిండివంట తిన్నాం అని. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా తలలూపారు. అంతమంది తిన్నాక ఇంకేం సాక్ష్యం కావాలి? నర్సు తర్వాతి పిల్లాణ్ణి పిలవబోయింది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని నాకూ తెలుసు. పడితే పడనీ అనుకున్నాను.

"నొన్. పాంకోర్" అన్నాను. ఒక్కసారి కూడా తిరగలేదని చెప్పాను.

నాతో వచ్చిన మా అత్త కొంగు సర్దుకుని బయటికి వెళ్ళిపోయింది. నర్సు పిల్ల కాళ్ళు మడిచి, చాపి చూసింది. బలం ఉన్నట్టే ఉంది, రోజంతా ఎత్తుకుని తిరిగితే ఎలా తిరగడం నేర్చుకుంటుంది, నేల మీద వెయ్యండి అంది. వచ్చే నెలకీ తిరగకపోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలంది.

ఇంటికొచ్చి వరండాలో, వీధికి కనబడేలా చాప పరిచి పిల్లని వేశాను. మా అత్త పోట్లాటకి వస్తుందనుకున్నాను. వచ్చి చాప పక్కన కూర్చుంది. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఆవిడ కదిలేది కాదు. ఒకరోజు నేనే ఉండబట్టలేక, ముందే ఎందుకు చేశావత్తా అని అడిగేశాను.

"మీ ఆయనకి ముందు నాకో ఆడపిల్ల" అంది. "తిరగలేదు. రోజూ వచ్చి చూసి పోయేవాళ్ళు, తిరిగిందా, తిరిగిందా అని. ఏడాది నిండకుండానే పోయింది. దీన్ని అలా చూడనివ్వకూడదు అనుకున్నా."

ఆ పిల్ల సంగతి అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. అన్నాళ్ళు దాచుకున్న కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియక లేచి బియ్యం కడగడానికి వెళ్ళాను.

తర్వాత కొన్నాళ్ళకి, మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేస్తుంటే పిల్ల ఏడుపు వినిపించింది. పరిగెత్తాను. చాప మీద బోర్లా పడి ఉంది. ఒక చెయ్యి పొట్ట కింద ఇరుక్కుపోయి, తల పైకెత్తి ఒకటే ఏడుపు. తడి చేతులు చీరకి తుడుచుకుంటూ నవ్వేశాను. మా అత్త మాత్రం పక్కనే, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆ చెయ్యి తియ్యచ్చు కదత్తా, ఏడుస్తోంది" అన్నాను.

"కాసేపుండు" అంది, పిల్ల మీంచి చూపు తిప్పకుండా. "ఆడపిల్ల బోర్లా పడితే ఎలాగుంటాదో నేను చూళ్ళేదు."